ఆయిలు ఎక్కేదాకా

కొత్త ఫిల్టరును రెండు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని దాలయ్య అందులో నూనె పోస్తున్నాడు. ఒక్కసారిగా పోయడు. కాస్త పోసి ఆగుతాడు. లోపలి కాగితం మడతలు ఆ నూనెను పీల్చుకుని, పైకి తేలిన బుడగలు పగిలి, మట్టం దిగేదాకా చూస్తూ కూర్చుంటాడు. మళ్ళీ కాస్త పోస్తాడు. చంటిపిల్లకు ఉగ్గు పట్టే తల్లికి కూడా అంత ఓపిక ఉండదని అక్కుపల్లిలో అతని మీద ఒక ఎగతాళి ఉంది. ఫిల్టరును ఖాళీగా బిగించినా ఇంజను నడుస్తుందని, చాలామంది అలాగే బిగిస్తారని అతనికి తెలుసు. తెలిసినా తను మాత్రం అలా చెయ్యడు.

షెడ్డంటే పెద్ద షెడ్డేమీ కాదు. నాలుగు కొబ్బరి మొద్దులు, వాటి మీద రేకులు. పక్కన జీడిమామిడి చెట్టు. సముద్రం వైపు నుంచి వచ్చే గాలి ఇసుకను మోసుకొస్తుంది కనక, ఆ పక్కన గోనెసంచులు కుట్టి తడికలా వేలాడదీశాడు. ఇంజను విప్పి ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే నేల మీద నీళ్ళు చల్లించి గాని పని మొదలుపెట్టడు. గుప్పెడు ఇసుక చాలు, మొత్తం పనిని నాశనం చెయ్యడానికి.

ఆ షెడ్డు మధ్యలో తెల్ల అంబాసిడరు కారు మూత తెరుచుకుని నిలబడి ఉంది. దాని సొంతదారు రామూర్తి. ఊళ్ళోని కిడ్నీ జబ్బుమనుషుల్ని రెండు జట్లుగా, ఒక్కో జట్టును రోజు విడిచి రోజు పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళి, డయాలసిస్ అయ్యాక మళ్ళీ ఇళ్ళ దగ్గర దించడం అతని పని. ఊరికి జీపులున్నాయి, ఆటోలున్నాయి. కానీ రక్తం కడిగించుకుని వచ్చే మనిషికి తిన్నగా కూర్చునే శక్తి ఉండదు. అంబాసిడరు వెనక సీటు మంచమంత ఉంటుంది, వాలిపోవచ్చు. అందుకే వాళ్ళకి ఆ కారంటే అంత ఇష్టం. ఆ కారే కిందటి వారం నడిరోడ్డు మీద ఇంజను పట్టేసి ఆగిపోయింది. ఎండలో, లోపల ముగ్గురు జబ్బుమనుషులతో. ఆ ముగ్గురిలో దాలయ్య ఒకడు.

ఆ రోజు నుంచి ఇంజను అతని చేతుల్లోనే ఉంది. ఇంజను లోపల తిరిగే క్రాంకు కడ్డీని టెక్కలి పంపించి గ్రైండింగు చేయించాడు. కొత్త బేరింగులు, కొత్త రింగులు వేశాడు. నిన్న సాయంత్రానికి ఇంజను మళ్ళీ కార్లోకి దిగింది. ఇక మిగిలింది ఆయిలు ఎక్కించడం. కొత్తగా కట్టిన ఇంజనులో నూనె అడుగున తొట్టిలోనే ఉంటుంది. బేరింగుల దగ్గర ఉండదు, పైన వాల్వుల్ని నొక్కే రాకర్ల దగ్గర ఉండదు. దాన్ని పంపు ద్వారా మెల్లగా పైదాకా ఎక్కించి, ప్రతి కీలూ తడిసిందని కళ్ళారా చూసుకున్నాకే ఇంజనుకు నిప్పు చూపించాలి. దాలయ్య పద్ధతి అది.

షెడ్డు ముందు ఆటో ఆగి హారను కొట్టింది. కారు లేని రోజుల్లో జబ్బుమనుషుల్ని తీసుకెళ్తున్న ఆటో అది. లోపల ధర్మారావు మాష్టారు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. ఈ రోజు దాలయ్య వంతు కూడా. అతను లేవలేదు. మీరు పదండి, నాను రేపు కార్లో వత్తానని ఫిల్టరు మీంచి చూపు తీయకుండానే చెప్పాడు. ఆటో కాసేపు ఆగి, ఇంకోసారి హారను కొట్టి వెళ్ళిపోయింది.

జీడిచెట్టు కింద ఎండుచేపలు ఏరుతున్న పెద్దతల్లి చేట కింద పెట్టింది. ఆమె అతని భార్య. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. రెండూ ఒకేసారి తెరుచుకుంటాయి.

"రేపంటే ఏ రేపు మావా? మామూలు రేపా, మెకానిక్కు రేపా?"

దాలయ్య నవ్వాడు. మెకానిక్కు మాట నీటి మీద రాతని ఊరంతా అనుకునేదే. కానీ ఈసారి అతను నిజంగానే అన్నాడు. ఈ రోజు ఆసుపత్రిలో పడుకుంటే, తిరిగొచ్చాక సాయంత్రం చేతులు వణుకుతాయి, ఇంకో రోజు పోతుంది. రేపటి జట్టు కూడా మాష్టారిలాగే ఆటోలో గోతుల్లో ఎగిరెగిరి పడాలి. ఒక్క రోజు వెనకైతే కొంపలేం మునగవన్నాడు. మునిగేది కొంప కాదు, నువ్వేనని ఆమె గొణిగి, అతని కాళ్ళ వైపు చూసింది. మడమల దగ్గర వాపు అప్పుడే మొదలైంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే నిలుస్తుంది.

అతను పొట్టి మనిషి. ఒకప్పుడు నల్లగా నిగనిగలాడేవాడు. జబ్బు వచ్చాక ఆ నలుపు మీద బూడిద రాసినట్టయింది. ఎడమ చేతి మీద, మోచేతికి కింద, నరం ఉబ్బి మెలితిరిగి ఉంటుంది. డయాలసిస్ సూదులు గుచ్చేది అక్కడే. ఆ చేత్తో బరువెత్తకూడదు, గట్టిగా దేన్నీ తిప్పకూడదు. రెండు చేతుల పనిని ఒంటి చేత్తో చెయ్యడం అతను యాభై దాటాక నేర్చుకున్నాడు.

నిజానికి అతను మెకానిక్కు కావలసినవాడు కాదు. తాతా తండ్రీ సముద్రం మీద చేపల వేటకు వెళ్ళినవాళ్ళే. పడవ ఎక్కించిన మొదటి రోజే దాలయ్య కడుపులోదంతా కక్కుకున్నాడు. రెండో రోజూ అంతే, నెలైనా అంతే. వాడబలిజి ఇంట పుట్టి సముద్రం పడనివాణ్ణి ఏం చెయ్యాలో తెలీక తండ్రి తల పట్టుకున్నాడు. చివరికి భావనపాడు తీసుకెళ్ళి, బోటు ఇంజన్లు బాగుచేసే మేస్త్రీ దగ్గర వదిలేశాడు. ఒడ్డునే ఉండి ఇంజను విప్పితే ఎవరికీ వాంతులు రావు కదా. అలా సముద్రం పోగొట్టింది ఇంజను ఇచ్చింది. ఆ తర్వాత అతను చెప్పుకోదగ్గదేమీ చెయ్యలేదు. పెళ్ళి చేసుకున్నాడు, కూతురు సంతోషిని పెంచి కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాడికిచ్చాడు, బళ్ళు బాగుచేశాడు. బాగైన బండి వెళ్ళిపోతుంది, పాడైన బండి వస్తుంది. అతని దగ్గర మిగిలేది గోళ్ళ కింద నలుపే.

ఫిల్టరు బిగించాక పైనుంచి రాకర్ల మీది మూత, ట్యాపెట్ కవరు తీశాడు. లోపల రాకర్లు వరసగా, పొడిగా మెరుస్తున్నాయి. ఇంజను తేలిగ్గా తిరగడానికి హీటరు ప్లగ్గులు నాలుగూ విప్పి గుడ్డలో కట్టాడు. ముందు బంపరు కన్నంలోంచి ఇనప హాండిలు దూర్చి పెద్దతల్లిని పిలిచాడు.

అప్పుడే రామూర్తి వచ్చాడు, వెనకే అతని తల్లి సన్యాసమ్మ. ఆమె చేతిలో పసుపు, కుంకుమ, ఒక కొబ్బరికాయ. మధ్యాహ్నం దాటితే వర్జ్యమట, ఈలోపే ఇంజను స్టార్టు చెయ్యాలట, అయ్యగారిని అడిగి వచ్చింది. రామూర్తికి ముహూర్తం కన్నా తొందరే ఎక్కువ. చేతిలో బండి లేక వారంగా పిచ్చెక్కినట్టున్నాడు.

"సెల్ఫు కొట్టీ బావ. ఒక్క నిమిసం తిరిగితే ఆయిలు అదే ఎక్కీద్ది."

"ఆ ఒక్క నిమిసమే కొత్త బేరింగుల్ని తినేత్తాది రామూర్తీ. ఇప్పుడేటీ తెలీదు. ఎప్పుడో రోడ్డు మీద మళ్ళా పట్టేత్తాది. అప్పుడు బండిలో ఎవులుంటారో."

రామూర్తి తాళంచెవి జేబులో పెట్టేసుకున్నాడు. కిందటి వారం బండిలో ఎవరున్నారో అతనికి గుర్తుంది. ఆలస్యం అమృతం విషం అని సన్యాసమ్మ సణిగింది గాని, ఆమె కూడా జీడిచెట్టు కింద చతికిలబడింది.

పెద్దతల్లి చీర కుచ్చెళ్ళు ఎగదోపి హాండిలు పట్టుకుంది. రామూర్తి నేను తిప్పుతానంటే దాలయ్య ఒప్పుకోలేదు. రామూర్తి చెయ్యి దుడుకు. పెద్దతల్లి చెయ్యి వల లాగిన చెయ్యి, ఒకే తీరున తిరుగుతుంది. ఆమె తిప్పుతుంటే ప్లగ్గుల కన్నాల్లోంచి గాలి బుస్సు బుస్సుమని వస్తోంది. దాలయ్య బంపరు పక్కన వంగి రాకర్ల వైపు చూస్తున్నాడు. ఏమీ రాలేదు. ఆమె ఆగి, చేతులు దులుపుకుని, మళ్ళీ తిప్పింది. రాకర్లు లేస్తున్నాయి, దిగుతున్నాయి, పొడిగానే ఉన్నాయి.

ఎండ రేకుల మీదకెక్కింది. దాలయ్య నాలుక అంగిటికి అతుక్కుపోయింది. అతను రోజుకి ఎన్ని నీళ్ళు తాగొచ్చో ఆసుపత్రివాళ్ళు కొలిచి చెప్పారు, ఆ సీసా పెద్దతల్లి దగ్గర ఉంటుంది. వంతు తప్పిన రోజు ఆ కొలత ఇంకా తగ్గుతుంది. ఆమె ఒక గుక్క పోసిచ్చింది. అతను దాన్ని మింగకుండా నోట్లో తిప్పుకుంటూ ఉండిపోయాడు. ఉద్దానమనే ఆ సీమలో దాహం తెలిసినంతగా జబ్బుమనిషికి మరేదీ తెలీదు. చుట్టూ కొబ్బరితోటలు, ఒక పక్క సముద్రం, నోట్లో గుక్కెడు.

పంపులో గాలి పట్టేసి ఉంటుందని అతనికి అనుమానం. ఇంకొకడైతే ఇక చాలని సెల్ఫు కొట్టేవాడు. దాలయ్య ఆయిలు మీటరుకు వెళ్ళే సన్న గొట్టాన్ని ఇంజను దగ్గర విప్పి, ఆ కన్నంలోకి నూనెకుప్పె ముక్కు దూర్చి, కుడిచేత్తో నొక్కుతూ కూర్చున్నాడు. కుప్పె ఖాళీ అయితే నింపి మళ్ళీ నొక్కాడు. వంగితే ఊపిరి అందడంలేదు. నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. మధ్యలో ఒకసారి మడ్గార్డు మీద నుదురు ఆనించి ఉండిపోయాడు. పెద్దతల్లి చూసి, ఈ బండీ వద్దు ఏటీ వద్దు, ఇప్పుడే ఏదో ఒకదాంట్లో పలాస పోదాం పద అంది. అతను తల అడ్డంగా ఊపి గొట్టం బిగించాడు.

"ఇంకొక్కసారి తిప్పు. మెల్లిగా."

ఆమె తిప్పింది. కోపంతో మొదలుపెట్టినా హాండిలు మాత్రం మెల్లగానే తిప్పింది. మధ్యాహ్నం దాటింది, ముహూర్తం కూడా దాటింది. సన్యాసమ్మ కునుకు తీస్తోంది. ఉన్నట్టుండి వెనక రాకరు పక్క సన్నని కన్నం దగ్గర ఒక బుడగ ఉబ్బి పగిలింది. దాని వెనక నూనె. బంగారు రంగు నూనె, చుక్కగా నిలబడి, బరువెక్కి, రాకరు వెంట జారింది. తర్వాత దాని ముందున్నది తడిసింది. ఆ తర్వాత దాని ముందుది. ఒక్కొక్కటీ తడుస్తుంటే దాలయ్య పిల్లల్ని లెక్కపెట్టే పంతులులా వేలు చూపిస్తూ పోయాడు. చివరిది కూడా తడిశాక వేలితో ఆ నూనెను తాకి, రెండు వేళ్ళ మధ్య రుద్ది చూసుకున్నాడు. ఎన్ని ఇంజన్లు కట్టాడో అతనికే తెలీదు గాని, ఈ చుక్కను చూసిన ప్రతిసారీ అతనికి సంతోషమే. ఈ రోజు ఏడుపు కూడా వచ్చింది. పెద్దతల్లి కంటపడకుండా భుజంతో తుడుచుకున్నాడు.

ప్లగ్గులు బిగించి, కవరు మూసి, రామూర్తిని సీట్లో కూర్చోమన్నాడు. ఇంజను రెండు దగ్గులు దగ్గి అందుకుంది. మీటరు ముల్లు లేచి నడిమికి వచ్చి నిలబడింది. దాలయ్య స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు, పిడి చెవికి ఆనించి చాలాసేపు విన్నాడు. ఒక్కో సిలిండరు దగ్గర ఆగి ఆగి విన్నాడు. చప్పుడు ఎక్కడా తేడా లేదు.

పెద్దతల్లి అరచేయి చూస్తే బొబ్బలెక్కి ఉంది. అతను గుడ్డతో ఆమె చేతి నూనె తుడిచాడు. నెమ్మదిగా, పార్టు తుడిచినట్టే తుడిచాడు. ఆమెకు కోపం దిగిపోయింది. ఇంటికెళ్ళి గంజి వార్చి తెస్తానని, తిని పడుకోవాలని, రేపు తెల్లారగట్లే పలాస అని వేలు చూపించి మరీ చెప్పి వెళ్ళింది. రేపు తప్పదన్నాడు దాలయ్య.

ఆమె అటు వెళ్ళాక సన్యాసమ్మ లేచింది. కారు ముందు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. ఒక్క దెబ్బకే రెండు చెక్కలైంది, మంచిదే. నీళ్ళు పోకుండా గ్లాసులో పట్టింది. కొత్త పడవ నీట్లో దించేనాడు మొదటి కాయ నీళ్ళు పడవ కట్టిన చేతికే ఇస్తారు. అది అక్కడివాళ్ళ ఆనవాయితీ. కడితే పడవేమిటి, ఇంజనేమిటి. ఆమె గ్లాసు తెచ్చి దాలయ్య ముందు పట్టుకుంది. రామూర్తి బండిలో కూర్చుని మీటరు చూసుకుంటున్నాడు. చూసి ఉంటే గ్లాసు లాక్కునేవాడు. జబ్బుమనుషులకు కొబ్బరినీళ్ళు విషమని వాళ్ళను మోసే అతనికి కంఠతా వచ్చు.

"నాను తాగకూడదత్తా."

"నీళ్ళు కదేటి తాగొద్దన్నారు. ఇవి నీళ్ళేటి నాయనా, దేవుడివి. నీ సేతి పనికి నువ్వు కాదంటే బండికి మంచిది కాదు."

ముసలమ్మకు తెలీదు. ఆమె మనసులో పాపం లేదు. దాలయ్యకు తెలుసు. కొబ్బరినీళ్ళ జోలికెళ్తే గుండె ఆగిపోతుందని ఆసుపత్రిలో మొదటిరోజే చెప్పారు. మళ్ళీ మళ్ళీ చెప్పారు. వంతు తప్పిన రోజయితే అసలే కూడదు. కానీ గ్లాసు చల్లగా ఉంది. అందులోంచి వచ్చే వాసన అతని చిన్నతనమంతా వచ్చిన వాసన. ఒక్క గుక్క అనుకున్నాడు. రేపు ఎలాగూ వెళ్తున్నాను కదా, అంతా కడిగేస్తారు కదా అనుకున్నాడు. ఆ గుక్క గొంతులోంచి దిగుతుంటే పొద్దుటి నుంచి ఎండిన లోపలంతా తడిసినట్టయింది. ఆగాలనుకుంటూనే గ్లాసు ఖాళీ చేశాడు. అంత తీపి వస్తువు తను ఎన్నేళ్ళుగా తాగలేదో అతనికి గుర్తురాలేదు. సన్యాసమ్మ తృప్తిగా గ్లాసు తీసుకుని ఇంటికి నడిచింది.

ఇంజను బాగా వేడెక్కాక, రోడ్డు మీద ఒకసారి తిప్పి చూద్దామన్నాడు రామూర్తి. పెద్దతల్లి వచ్చేలోగా వచ్చేద్దాం అనుకుని దాలయ్య వెనక సీట్లో, ఎప్పుడూ కూర్చునే కిటికీ పక్క కూర్చున్నాడు. మొదటి కొన్ని వారాలు వేగం నలభై దాటించొద్దని చెప్పాడు. కొత్త రింగులు కుదురుకోవాలి. రామూర్తి సరేనన్నాడు. బండి తోటల మధ్య రోడ్డెక్కింది. ఇటు జీడితోపులు, అటు తుపానులో తలలు విరిగిన కొబ్బరిచెట్ల మధ్య కొత్తగా నాటిన మొక్కలు. వాటి సందుల్లోంచి సముద్రం కనిపిస్తూ మాయమవుతూ ఉంది. రామూర్తి ఆపకుండా మాట్లాడుతున్నాడు. రేపు మొదట బావనే ఎక్కించుకుంటాడట, తర్వాత రేపటి జట్టువాళ్ళని, దారిలో టీ తనే ఇప్పిస్తాడట. జబ్బుమనుషులు టీ తాగరని గుర్తొచ్చి తనే నవ్వుకున్నాడు.

దాలయ్యకు ముందు పెదాలు తిమ్మిరెక్కాయి. తర్వాత చేతులు బరువెక్కి ఒళ్ళో పడ్డాయి. ఇంజను చప్పుడు వింటున్నాడు. ఎక్కడో ఒక దెబ్బ తప్పుతున్నట్టు తోచింది. ఒక దెబ్బ పడి, ఒకటి తప్పి, మళ్ళీ రెండు తొందరగా పడుతున్నాయి. అతనికి భయమేసింది. ఇంత చేసి ఎక్కడ పొరపాటు చేశానని కళ్ళు మూసుకుని జాగ్రత్తగా విన్నాడు. కాసేపటికి తెలిసింది. ఇంజను సమంగానే నడుస్తోంది. దెబ్బ తప్పుతున్నది తన గుండె. ఇంజను కాదని తెలిశాక అతనికి కొంచెం నెమ్మదిగా అనిపించింది. పెద్దతల్లిని తలుచుకున్నాడు. రామూర్తిని పిలుద్దామనుకున్నాడు, నాలుక తిరగలేదు. తల మెల్లగా కిటికీ అద్దానికి ఆనింది. ఇంజను సన్నని వణుకు ఆ అద్దంలోంచి అతని నుదుటికి తగులుతూనే ఉంది. తర్వాత అదీ అతనికి తెలియలేదు. దాలయ్య అలా చనిపోయాడు.

బావకు కునుకు పట్టిందనుకుని రామూర్తి చాలా దూరం గొంతు తగ్గించి మాట్లాడాడు. మలుపులో ఆ తల సీటు మీదికి ఒరిగిపోయినప్పుడు గాని అతనికి అర్థం కాలేదు. దిగి, పట్టి కుదిపి, మళ్ళీ ఎక్కి, బండిని పలాస వైపు తిప్పాడు. నలభై దాటించాడు. అరవై దాటించాడు. ఏడుస్తూ, ఒక్క మాట తిట్టు బావ, తిట్టు అంటూ తోలాడు. వెనక నుంచి ఎవరూ తిట్టలేదు. దారి పొడుగునా ఇంజను ఒక్కసారి కూడా తడబడలేదు.

ఆ వేళకి పెద్దతల్లి గంజిగిన్నె మీద మూత పెట్టుకుని షెడ్డుకు వచ్చింది. కారు లేదు. ఇద్దరూ కలిసి తిప్పి చూడ్డానికి వెళ్ళుంటారనుకుంది. ఇంతసేపా అని విసుక్కుంటూ రోడ్డు వైపు చూసింది. కారు నిలబడిన చోట, వెనక తలుపు ఉండవలసిన దగ్గర, లోపలికి పడుతున్న ఎండలో అతని చెప్పులు జతగా విడిచి ఉన్నాయి. పడవలోకి చెప్పులతో కాలు పెట్టని ఇంటివాడు. సముద్రం పడకపోయినా ఆ అలవాటు మాత్రం పోలేదు. తన చేత్తో కట్టిన బండిలోకి మొదటిసారి ఎక్కేటప్పుడు చెప్పులు కిందే విడిచి ఎక్కుతాడు.

రబ్బరు చెప్పులు కాలిపోతున్నాయి. అసలే వాపు కాళ్ళు, దిగగానే చురుక్కుమంటాయని ఆమె వాటిని తీసి, ఇసుక దులిపి, జీడిచెట్టు నీడలో పెట్టింది. తొడుక్కోవడానికి వీలుగా మొనలు ఇంటి వైపు తిప్పింది. నీడ జరిగినప్పుడల్లా లేచి, వాటిని కూడా కాస్త జరుపుతూ కూర్చుంది. అరిగిపోయిన ఎడమ మడమ దగ్గర, నిన్నటి నూనె మరక మీద, అతని కాలి గుర్తు ఇంకా కనిపిస్తూనే ఉంది.